పెరటి పండ్ల చెట్టు కాయకపోతే కారణం ఎరువు కాకపోవచ్చు

ఇంటి ఆవరణలో నాటిన మామిడి ఎనిమిదేళ్లు గడిచినా పూతకు రాదు. బొప్పాయి చెట్టు నిండా పూస్తుంది, ఒక్క పిందె నిలవదు. సీతాఫలం పూలు వేసవిలోనే రాలిపోతాయి. పెరటి తోటలు పెంచేవారికి ఇవేవీ కొత్త అనుభవాలు కావు. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసే పని ఒక్కటే: మరికొంత ఎరువు వేసి, మరికొంత నీరు పెట్టడం. అయితే ఈ మూడు చెట్ల ఇబ్బందులకూ ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు. మామిడి విషయంలో కారణం చాలాసార్లు మొక్క పుట్టుకలోనో, మితిమీరిన నీటిలోనో ఉంటుంది. బొప్పాయిది లింగభేదం. సీతాఫలానిది అసలు సమస్యే కాకపోవచ్చు.

వంద చెట్ల తోటలో నాలుగు కాయకపోతే రైతు వాటిని తొలగించి వేరేవి నాటుకోగలడు. రెండు వందల గజాల ఇంటి స్థలంలో మామిడికి ఉండే చోటు ఒక్కటే. ఆ ఒక్క మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే పోయేది మొక్క ధర కాదు, ఏడెనిమిదేళ్ల కాలం. ఆ తర్వాత ప్రహరీని నెడుతున్న చెట్టును కొట్టించడానికి మళ్లీ ఖర్చు.

టెంకలో ఉన్నది తల్లి చెట్టు కాదు

తియ్యని బంగినపల్లి పండు తిన్నాక టెంకను మట్టిలో పాతిపెట్టడం తరతరాల అలవాటు. ఆ టెంక మొలుస్తుంది, చెట్టవుతుంది, కానీ బంగినపల్లి కాదు. పండులోని గుజ్జు పూర్తిగా తల్లి చెట్టుది. లోపలి విత్తనంలో మాత్రం సగమే తల్లిది. మిగతా సగం ఏ చెట్టు పుప్పొడి ఆ పువ్వును చేరిందో దానిది. బంగినపల్లి, దశేరి, ఆల్ఫాన్సో సహా మన దేశపు మామిడి రకాల్లో అధిక భాగం టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది సంకర సంతానం. పశ్చిమ తీరంలోని ఒలూర్, వెల్లైకొలంబన్ వంటి కొన్ని రకాలు ఇందుకు మినహాయింపు. వాటి టెంకలో ఒకటికి మించి పిండాలుంటాయి. అవి ఎక్కువగా తల్లి కణజాలం నుంచే ఏర్పడతాయి కాబట్టి మొక్క తల్లినే పోలి ఉంటుంది. నిమ్మ గింజలదీ దాదాపు ఇదే తీరు. అందుకే గింజ నాటి పెంచిన నిమ్మ నిరాశపరచడం అరుదు, టెంక నాటి పెంచిన మామిడి నిరాశపరచకపోవడం అరుదు.

రెండో చిక్కు వయసుది. విత్తనం నుంచి వచ్చిన చెట్టుకు బాల్యదశ ఉంటుంది. ఆ దశ దాటేవరకు ఎంత పోషించినా పూయదు. మామిడిలో ఇది ఆరేడేళ్లు, కొన్నిసార్లు అంతకు మించి కూడా పడుతుంది. అంటు మొక్కకు ఈ నిరీక్షణ తగ్గుతుంది. ఎందుకంటే అంటు కట్టిన పై కొమ్మను ఇప్పటికే కాస్తున్న చెట్టు నుంచి తీసుకుంటారు. మొక్క ఎత్తు రెండడుగులే ఉన్నా ఆ కొమ్మ ప్రౌఢ దశలోనిది. మూడు నుంచి ఐదేళ్లలో కాపు ఆశించవచ్చు.

అంటు మొక్క కొన్నంత మాత్రాన పని పూర్తయిందనుకోరాదు. అంటులో కింది భాగం టెంక నుంచి మొలిచిన వేరు మొక్క. పై భాగం మాత్రమే కోరుకున్న రకం. అంటు కట్టిన ముడికి దిగువ నుంచి చిగుళ్లు పుట్టడం మామూలే. అవి సాధారణంగా పై కొమ్మకంటే బలంగా పెరుగుతాయి. గమనించి తుంచకపోతే రెండు మూడేళ్లలో పై కొమ్మ కృశించి, పేరు తెలియని టెంక మొక్కే చెట్టుగా మిగులుతుంది. నర్సరీలో బంగినపల్లి అని కొన్నది పెరట్లో పీచు మామిడిగా మారిందనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే.

కొనేటప్పుడు చూడవలసినవి మూడు. ముడి పూర్తిగా అతుక్కుని, ప్లాస్టిక్ చుట్టు దానిలోకి కోసుకుపోకుండా ఉండాలి. సంచి అడుగున వేర్లు సుడులు తిరిగి బయటికి పొడుచుకువచ్చిన పాత మొక్క వద్దు. మూడోది, చిన్న మొక్కకు వేలాడే కాయలు చూసి మోజుపడరాదు. ఆ కాయ అంటు నిజమైనదేనని మాత్రమే చెబుతుంది, మొక్క బలాన్ని చెప్పదు. నాటాక మొదటి రెండు మూడేళ్లు వచ్చే పూతను తుంచివేయాలని ఉద్యాన శాస్త్రం సూచిస్తుంది. ఈ సలహా పాటించడం ఇంటివారికి ఎంత కష్టమో చెప్పనవసరం లేదు.

నాటేటప్పుడు ముడి నేలమట్టానికి బాగా పైన ఉండాలి. మట్టిలో కూరుకుపోతే కుళ్లుతుంది. కొత్త ఇళ్ల పెరళ్లలో మరో ఇబ్బంది ఉంది. పైపైన ఎర్రమట్టి పరిచినా అడుగున ఉండేది నిర్మాణంలో మిగిలిన సిమెంటు, సున్నం, ఇటుక ముక్కలు. ఇవి నేలను క్షారంగా మారుస్తాయి. అలాంటి నేలలో ఇనుము, జింకు ఉన్నా వేర్లకు అందవు. ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి మిగతాదంతా పసుపు పచ్చగా మారతాయి. మామిడికి మీటరు లోతు, మీటరు వెడల్పు గుంత తీసి, ఆ చెత్తనంతా తొలగించి, మంచి మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపడం తర్వాత వేసే ఏ ఎరువుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మామిడికి కావలసిన విరామం

మంచి అంటు మొక్కే అయినా, వయసొచ్చినా పూయని మామిడి ఉంటుంది. పచ్చగా, గుబురుగా, ఏ తెగులూ లేకుండా కళకళలాడుతూ ఉంటుంది. లోపం ఆ కళలోనే ఉంది.

మామిడి లేత చిగురుపై పూయదు. వానాకాలంలో వచ్చిన చిగురు ముదిరి, కొంతకాలం ఎదుగుదల లేకుండా ఉన్న కొమ్మల చివరనే పూత వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అక్టోబరు, నవంబరు నాటికి వానలు తగ్గి, నేల ఆరి, రాత్రులు చల్లబడతాయి. పెరుగుదల ఆపమని చెట్టుకు అందే సంకేతాలు ఇవే. తోటల్లో రైతులు ఆ రోజుల్లో నీరు కట్టడం ఆపేది ఇందుకే. పెరట్లో ఆ సంకేతం అందదు. కుళాయి కింది నీరు, గిన్నెలు కడిగిన నీరు, పక్కనే ఉన్న పూల మొక్కలకు పోసే నీరు రోజూ మామిడి పాదును తడుపుతూనే ఉంటాయి. దానికి తోడు దసరా తర్వాత యూరియా వేస్తే నవంబరులో చెట్టు కొత్త చిగురు తొడుగుతుంది. చిగురు చూసి ఇంటివారు సంతోషిస్తారు. నిజానికి ఆ కొమ్మ ఆ ఏటి పూతను వదులుకున్నట్లే.

అందువల్ల కాపు వయసుకు వచ్చిన చెట్టుకు అక్టోబరు చివరి నుంచి నీరు ఆపి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. ఎరువు వేయడానికి అనువైన కాలం కోత ముగిసి వానలు మొదలైన తర్వాత. నాలుగేళ్ల లోపు మొక్కలకు ఈ నియమం వర్తించదు. వాటికి వేసవిలో, చలికాలంలో కూడా నీరు కావాలి. నీడలో ఉన్న చెట్టు సంగతి వేరు. పక్కన నాలుగంతస్తుల భవనం లేచి ఎండ ఆగిపోతే ఏ నీటి క్రమమూ పూత తెప్పించలేదు.

పూత వచ్చిన తర్వాత రాలడం గురించి అతిగా కలవరపడవలసిన పని లేదు. ఒక్కో పూగుత్తిలో వందలాది పూలుంటాయి. వాటిలో మగ పూలు, ద్విలింగ పుష్పాలు కలిసే ఉంటాయి. కోత వరకు నిలిచే కాయలు బహు స్వల్పం. పరాగ సంపర్కం జరిపేవి ఎక్కువగా ఈగలు, ఇతర చిన్న కీటకాలు. తేనెమంచు పురుగుకో బూడిద తెగులుకో మందు కొట్టవలసి వస్తే పూమొగ్గ దశలోనే కొట్టాలి. పూలు విచ్చుకున్నాక పిచికారీ చేస్తే పురుగుతోపాటు పంట కూడా పోతుంది.

ఉత్తర భారతంలో స్థిరపడి అక్కడి రకాలు నాటుకునే తెలుగువారు ఒక విషయం గమనించాలి. దశేరి, లంగ్రా, చౌసా రకాలు తమ పుప్పొడితో తాము సరిగా ఫలదీకరణ చెందవు. దరిదాపుల్లో వేరే రకం మామిడి లేని ఒంటరి దశేరి పూసినా కాపు పలచగానే ఉంటుంది. పైగా ఇవి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు విశ్రమించే రకాలు. ఏటా కాసే నీలంతో దశేరిని సంకరపరచి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఆమ్రపాలి రకాన్ని విడుదల చేసింది. పొట్టిగా పెరిగి ఏటా కాసే ఈ రకాన్ని రెండున్నర మీటర్ల ఎడంతో కూడా నాటతారు. బంగినపల్లికి ఎనిమిది నుంచి పది మీటర్లు కావాలి. ఇరుకు స్థలంలో బంగినపల్లే కావాలని పట్టుబట్టేవారు ఈ రెండు అంకెలను ఒకసారి పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

బొప్పాయిలో ఆడ, మగ

నాటిన ఏడాదిలోపే కాపునిచ్చే బొప్పాయి ఓపిక తక్కువ ఉన్నవారి చెట్టు. నాటు బొప్పాయి గింజల నుంచి వచ్చే మొక్కల్లో సుమారు సగం మగవి. మొలకలో వాటిని గుర్తుపట్టే బాహ్య లక్షణం ఏదీ లేదు. పూత వచ్చాకే తేడా తెలుస్తుంది: పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడే సన్నని పూలు మగ చెట్టువి, కాండానికి అంటిపెట్టుకుని, అడుగున ఉబ్బుగా ఉండే పెద్ద పూలు ఆడ చెట్టువి. మగ చెట్టుకు ఎంత ఎరువు వేసినా కాయదు. ఆడ చెట్టు కూడా దగ్గర్లో మగ చెట్టు లేకపోతే పిందెలు రాల్చేస్తుంది. అందుకే ఒక గుంతలో మూడు నాలుగు మొక్కలు నాటి, పూత చూశాక ఒక్కటి ఉంచి మిగతావి తీసివేసే పద్ధతి వచ్చింది. పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు చాలు.

ఒకటి రెండు మొక్కలకే చోటున్న పెరడుకు ద్విలింగ రకాలు అనుకూలం. తైవాన్ నుంచి వచ్చిన రెడ్ లేడీ, బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ రూపొందించిన సూర్య ఇలాంటివి. వీటిలో మగ మొక్కలు రావు. ఆడవి లేదా ద్విలింగ మొక్కలే వస్తాయి. అయితే రెడ్ లేడీ సంకర రకం కాబట్టి పండులోని గింజలు దాచి నాటితే అదే గుణం తిరిగి వస్తుందన్న భరోసా లేదు.

బొప్పాయికి అతిపెద్ద శత్రువు నిలిచిన నీరు. ఒకటి రెండు రోజులు పాదులో నీరు నిలిస్తే చాలు, కాండం మొదలు కుళ్లి చెట్టు ఒరిగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు భారీ వానలు పడే నెల్లూరు, చెన్నై ప్రాంతాల్లో ఎత్తైన దిబ్బ మీద నాటడం తప్పనిసరి. ఢిల్లీ, లక్నో వంటి చోట్ల ప్రమాదం చలిది. గడ్డకట్టే మంచుకు బొప్పాయి తట్టుకోదు. లేత మామిడి మొక్కలకు కూడా అక్కడ శీతకాలంలో గడ్డి కప్పు కడతారు.

సీతాఫలం, జామ

పేరు పురాణాలదైనా సీతాఫలం పుట్టుక అమెరికా ఖండపు ఉష్ణమండలంలో. దీని పువ్వు ద్విలింగమే అయినా మొదట ఆడ దశలో, తర్వాత మగ దశలో ఉంటుంది. పుప్పొడి రాలే వేళకు అదే పువ్వులోని కీలాగ్రం ఎండిపోతుంది. ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు పుప్పొడి మోసేవి తేనెటీగలు కావు, పూలలోకి దూరే చిన్న పెంకు పురుగులు. మార్చి, ఏప్రిల్ పూలు ఎండ వేడికి ఎండి రాలడం సహజం. తొలకరి తర్వాత గాలిలో తేమ పెరిగాక విచ్చుకున్న పూలే ఎక్కువగా కాయలవుతాయి. వేసవిలో రాలిన పూలకు మందు కొట్టడం డబ్బు దండగ. వానల్లో కూడా పిందె కట్టకపోతే, ఉదయం వేళ పూర్తిగా విచ్చుకున్న పూల పుప్పొడిని మెత్తని కుంచెతో తీసి, రేకలు కొద్దిగా మాత్రమే విడిన పూల నడుమ జిగటగా ఉండే భాగానికి అద్దితే ఫలితం కనిపిస్తుంది.

జామకు కావలసింది కత్తెర. ఇది కొత్త కొమ్మలపైనే పూస్తుంది కాబట్టి, కత్తిరించని చెట్టు ఎత్తుకు పోయి చేతికందని చోట నాలుగు కాయలు కాస్తుంది. మే నెలలో కొమ్మల చివర్లు కత్తిరిస్తే వచ్చే కొత్త చిగుళ్లు పూసి శీతకాలంలో కాపుకొస్తాయి. వానాకాలపు జామకన్నా రుచి మెరుగు, పండు ఈగ బెడద తక్కువ. పెరళ్లలో విరివిగా కనిపించే లక్నో-49 రకానికి పేరు లక్నోది గానీ ఎంపిక జరిగింది పుణెలోని గణేశ్‌ఖిండ్ తోటలో, 1927లో.

కోత దగ్గర

పెరటి పండుపై ఆసక్తి పెరగడానికి ఒక కారణం కార్బైడ్ భయం. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి. ఇంట్లో దాని అవసరమే రాదు. మామిడి కాయ తొడిమ పక్కన భుజాలు నిండి, తొడిమ దగ్గర చిన్న గుంట పడినప్పుడు కోయవచ్చు. బెత్తెడు కాడతో కోసి తర్వాత కాడను విడదీస్తే సొన కారి తొక్క మాడదు. వరిగడ్డిలో వారం రోజుల్లోపే మాగుతుంది.

సపోటా ఇంత సులువుగా తెలియదు. ముదిరినా ముదరకపోయినా రంగు గోధుమే. కాయపై పొట్టు రాలిపోతూ, గోటితో గీరినప్పుడు లోపల పచ్చగా కనిపిస్తే ఇంకా ఆగాలి. లేత పసుపు రంగు కనిపించి పాలు పెద్దగా కారకపోతే కోయవచ్చు. పచ్చి దశలో కోసిన సపోటా మెత్తబడినా వగరు పోదు. చెట్టున ఒకేసారి పిందెలు, కాయలు కలిసి ఉంటాయి కాబట్టి, కొమ్మ దులపకుండా ఒక్కో కాయనూ గీరి చూసి కోసుకోవాలి.