పూడిక తీస్తేనే చోటు

చెరువు నీళ్లతో నిండితే ఊరికి పండుగ, పూడికతో నిండితే కరువు. నల్లగొండ, పాలమూరు రైతులకు ఇది చిన్ననాటి నుంచే తెలిసిన సంగతి. కంప్యూటర్ డిస్కులదీ ఇదే కథ. జోన్లుగా పనిచేసే డిస్కుల్లో చోటును మళ్లీ ఎలా సంపాదిస్తారో ఈ విశేషాల్లో చూడండి.

షాద్‌నగర్ మీదుగా ఆకాశం
ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పటి రంగారెడ్డి జిల్లాలో ఉన్న షాద్‌నగర్‌లో 1979లోనే ఉపగ్రహ భూకేంద్రం వెలిసింది. మొదట అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలను అందుకుంది. 1988లో మన ఐఆర్ఎస్-1ఎ ఎగిరాక మన చిత్రాలూ రావడం మొదలైంది. ఉపగ్రహం తలమీదుగా వెళ్లిన ప్రతిసారీ కొత్త డేటా దిగుతుంది, దాన్ని దాచడానికి కొత్త చోటు కావాలి.

పత్తి చేల పక్కన డేటా
అమెజాన్ వెబ్ సర్వీసెస్ తెలంగాణలో డేటా కేంద్రాలకు రూ.20,761 కోట్ల పెట్టుబడిని 2020 నవంబరులో ప్రకటించింది. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ సేవలు మొదలయ్యాయి. ఆ డేటా కేంద్రాలకు ఎంచుకున్న స్థలాల్లో షాద్‌నగర్ దగ్గరి ఎల్లికట్ట ఒకటి. ఇంత డేటా డిస్కుల్లో ఎలా పడుతుంది?

డిస్కు మీద గూన పెంకులు
పెంకుటింటి కప్పులో కింది పెంకు మార్చాలంటే దాని మీదివన్నీ ఎత్తాలి. షింగిల్డ్ హార్డ్‌డిస్కు సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. ఎక్కువ డేటా పట్టించడానికి దాని ట్రాకులను ఒకదాని అంచు మీద ఇంకొకటి పరుస్తారు. మధ్యలో ఒక్క ట్రాకును తిరగరాసినా పక్కది చెడిపోతుంది. అందుకే డిస్కును జోన్లుగా విడగొట్టారు. మామూలుగా ఒక్కో జోన్ 256 మెగాబైట్లు. 20 టెరాబైట్ల డిస్కులో ఇలాంటివి దాదాపు 74,500 ఉంటాయి.

నాట్లు వేసినట్టు రాత
నాట్లు వేసే ఆడవాళ్లు వరుస తర్వాత వరుస నాటుతూ వెనక్కి జరుగుతారు. నాటిన చోట మళ్లీ అడుగు పెట్టరు. జోన్‌లో రాత కూడా మొదటి నుంచి చివరి దాకా వరుసలోనే సాగాలి. ఎక్కడి దాకా వచ్చిందో రైట్ పాయింటర్ గుర్తు పెట్టుకుంటుంది. జోన్‌ను మళ్లీ వాడాలంటే మొత్తాన్ని ఒకేసారి రీసెట్ చేయాలి, సగం మడిని మాత్రమే దున్నే వీలు లేదు.

తీసేసినా చోటు రాదు
మీరు ఫైల్‌ను మారిస్తే కొత్త ప్రతి వేరే చోటికి వెళ్తుంది. పాతది పనికిరాని డేటాగా అక్కడే పడి ఉంటుంది. అదే జోన్‌లో పనికొచ్చే డేటా కూడా ఉంటే రీసెట్ కుదరదు. అప్పుడు ఫైల్‌సిస్టమ్ మంచి డేటాను ఏరి వేరే జోన్‌కు తరలించి, ఆ తర్వాతే పాత జోన్‌ను ఖాళీ చేస్తుంది. దీని పేరు గార్బేజ్ కలెక్షన్.

ముందు ఏ మడి?
ఏ చోటును ముందు ఖాళీ చేయాలన్న ప్రశ్నకు 1991లోనే మెండెల్ రోజెన్‌బ్లమ్, జాన్ ఔస్టర్‌హౌట్ జవాబు వెతికారు. అంతా వరుసగా రాసుకుంటూ పోయే ఫైల్‌సిస్టమ్‌ను బర్కిలీలో తయారు చేశారు. బాగా ఖాళీ అయినదాన్నే ముందు ఊడ్చడం ఎప్పుడూ లాభం కాదని వారు కనిపెట్టారు. తరచూ మారే డేటా ఉన్న చోటును కొంతకాలం వదిలేస్తే దానంతటదే ఇంకా ఖాళీ అవుతుంది. కదలని డేటా మధ్య ఇరుక్కున్న చోటును మాత్రం, కొంచెమే ఉన్నా, ముందే విడిపించుకోవాలి.

లినక్స్‌లో జోన్లు
జోన్ డిస్కులకు లినక్స్ 4.10లో, అంటే 2017లో, ఆసరా దొరికింది. ఎఫ్2ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ అప్పుడే అందిపుచ్చుకుంది. బీటీఆర్ఎఫ్ఎస్ 2021లో, ఎక్స్ఎఫ్ఎస్ 2025లో ఈ బాట పట్టాయి.

పాత్ర మారింది
మామూలు ఎస్ఎస్‌డీ తన చోటును తానే లోలోపల ఊడ్చుకుంటుంది. ఏ డేటా ఎంతకాలం ఉంటుందో మాత్రం దానికి తెలియదు. ఎస్ఎస్‌డీలకూ జోన్లు తెచ్చిన జెడ్ఎన్ఎస్ ప్రమాణం 2020లో ఆమోదం పొందడంతో ఆ నిర్ణయం ఫైల్‌సిస్టమ్ చేతికొచ్చింది. ఒకేసారి చెరిగిపోయే డేటాను ఒకే జోన్‌లో పెడితే తరలింపులు తగ్గుతాయి, ఫ్లాష్ చిప్పు ఎక్కువ కాలం మన్నుతుంది.

సాగర్ చెప్పే పాఠం
నల్లగొండ జిల్లా సరిహద్దులోని నాగార్జునసాగర్ కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 312 టీఎంసీలే పడుతున్నాయి. డిస్కు జోన్‌కు రీసెట్ ఉంది, అంత పెద్ద జలాశయానికి అది లేదు. ఊరి చెరువుకు మాత్రం ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. ఆ మట్టి పొలాలకు ఎరువైంది.

చివరగా మీ ఫోన్
ఎఫ్2ఎఫ్ఎస్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. మంచి డేటాను తరలించాలంటే ఊడ్చేవాడికి కొంత ఖాళీ చోటు కావాలి. అది లేకపోతే పని నత్తనడక నడుస్తుంది. అందుకని ఫోన్‌ను అంచుదాకా నింపకండి. అక్కర్లేని వీడియోలు ఇవాళే తీసేయండి. పూడిక ముందుగా తీసిన చెరువులోనే వాన నీళ్లు నిలుస్తాయి.