ప్రతినాయకుని యాస

మా అనంతపురం వీధిలో పిల్లలు దొంగ-పోలీసు ఆట ఆడుచుండగా వింటిని. పోలీసు "ఎక్కడికి వెళ్తున్నావు?" అనును. దొంగ "నువ్వెవురప్పా నన్నడిగేకి?" అని గర్జించును. ఆ రెండవది వాని అవ్వ ఇంట మాట్లాడు మాట!

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రావణునికిని రామునివలె పద్యమే; ఊరి మాట కేతిగానిది, బంగారక్కది. అది నవ్వించునదే కాని భయపెట్టునది కాదు. 1999లో 'సమరసింహారెడ్డి'లో జయప్రకాశ్ రెడ్డి ప్రతినాయకుడైన పిమ్మట, అట్టి చిత్రములు పెరిగి, సీమ యాస వేటకొడవలితో జతపడినది.

యాసలో క్రౌర్యమునకు తావెక్కడ? "వచ్చినాడు" అరిగి "వచ్చాడు" అయినది; మన సీమలో పాతరూపమే నిలిచియున్నది, అంతే. అయినను చెవి జతలను త్వరగా పట్టును. పసిబిడ్డలు సైతము తమ యాసతో పలికినవారివైపే ఎక్కువసేపు చూతురని 2007లో కేథరిన్ కింజ్లర్ బృందము తెలిపినది. అమెరికాలో రోసినా లిప్పి-గ్రీన్ 24 డిస్నీ చిత్రములను పరిశీలించి, అన్యదేశపు యాస గల పాత్రలలో దుష్టుల పాలు హెచ్చని 1997లో ప్రకటించినది. అచ్చట దుష్టుని యాస పరాయిది. ఇచ్చట వినువాని ఇంటిదే, చిక్కంతయు ఇందున్నది.

పోలీసు మన మాట మాట్లాడరాదా అని ఆ కుర్రవాని నడిగితిని. "అట్ల మాట్లాడితే పోలీసని యెవురు నమ్ముతారు సార్?" అన్నాడు.