గొట్టం ద్వారా ఆహారం: కొవ్వు ఎంత? ఏది?

ఆపరేషన్ అయిన మనిషి ముక్కులో రైల్స్ ట్యూబు చూడగానే ఇంటివారి గుండె బరువెక్కుతుంది. ఆ దిగులులో కొందరు బలం వస్తుందని పాలలో నెయ్యి కలిపి పోయబోతారు. మరికొందరు "కొవ్వు అరగదు" అని పలుచని గంజితో సరిపెడతారు. రెండూ పొరపాటే.

పిండి పదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 కేలరీలు ఇస్తే కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది. గాయం మానడానికి కావలసిన శక్తిని కొద్ది ఆహారంలోనే అందించేది కొవ్వే. అయితే ఏ కొవ్వు అన్నది కూడా ముఖ్యం.

ఒక పాప నేర్పిన పాఠం

అమెరికాలో ఆరేళ్ల పాపకు కడుపులో తుపాకి గుండు తగిలింది. ఆపరేషన్‌లో చాలా భాగం ప్రేగు తీసివేయవలసి వచ్చింది. ఆమెకు ఆహారమంతా రక్తనాళం ద్వారానే ఇచ్చారు. అందులోని కొవ్వు కుసుమ నూనె నుండి వచ్చినది. కొన్ని నెలలకు పాపకు తిమ్మిర్లు, నీరసం వచ్చాయి. నడవలేకపోయింది, చూపు మసకబారింది. కుసుమ నూనెకు బదులు సోయా నూనె ఉన్న ద్రవం ఇవ్వగా ఆ బాధలు తొలగిపోయాయి. ఈ సంగతి 1982లో వైద్య పత్రికలో వెలువడింది.

కారణమేమిటి? లినోలిక్, లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను మన శరీరం తయారు చేసుకోలేదు. కుసుమ నూనెలో మొదటిది దండిగా ఉంది, రెండవది దాదాపు లేదు. సోయాలో రెండూ ఉన్నాయి. దీర్ఘకాలం గొట్టం ద్వారా ఆహారం తీసుకొన్న రోగులలోనూ ఈ లోటును నార్వే వైద్యులు 1987లో గుర్తించారు.

చేప నూనె, కొబ్బరి నూనె

చేప నూనెలోని ఒమేగా-3 కొవ్వులు వాపును కొంత అదుపు చేస్తాయి. 1992లో అమెరికాలో జీర్ణాశయ క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి ఈ కొవ్వులతోపాటు మరి రెండు పోషకాలు కలిపిన ఆహారం గొట్టం ద్వారా ఇస్తే చీము పట్టడం వంటి చిక్కులు తగ్గాయి. ఆ మేలు కొవ్వు ఒక్కదానిదే అనలేము. అందరికీ మేలు జరుగుతుందనీ కాదు: ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న రోగులకు ఒమేగా-3 ఇచ్చి చూసిన పరిశోధనను మేలు కనబడక ఆపివేశారని 2011లో వెల్లడైంది.

కొబ్బరి నూనె నుండి వేరుచేసే ఎం.సి.టి. అనే కొవ్వు సులువుగా అరిగి నేరుగా కాలేయానికి చేరుతుంది. కొవ్వు అరగనివారికి వైద్యులు దీనిని వాడతారు. వంటింటి కొబ్బరి నూనె దానికి బదులు కాదు. పైన చెప్పిన రెండు ఆమ్లాలు ఎం.సి.టి.లో ఉండవు గనుక అదొక్కటే చాలదు.

ఇంట్లో మీరు గమనించవలసినవి

* కొవ్వు ఎక్కువైతే కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. వాంతి అయితే ఆహారం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. తల వైపు ఎత్తుగా ఉంచి, నెమ్మదిగా ఇవ్వండి.
* విరేచనం జిడ్డుగా, దుర్వాసనతో తేలుతుంటే కొవ్వు అరగడం లేదేమోనని అనుమానించి డాక్టరుకు చెప్పండి.
* నెయ్యి, నూనె మీ అంతట మీరు కలపకండి. అవి విడిపోయి గొట్టం గోడలకు అంటుకొంటాయి.
* ప్రతిసారీ ఆహారం తరువాత, డాక్టరు చెప్పిన కొలత ప్రకారం నీళ్లు పోసి గొట్టం శుభ్రం చేయండి.

రోగి "నాకిది పడడం లేదు" అని నోటితో చెప్పలేకపోవచ్చు. ఆ మాట డాక్టరుకు, డైటీషియన్‌కు చేర్చవలసింది ప్రక్కన కూర్చున్న మీరే.