పదేళ్ల వారంటీలో కుళాయి వాటా ఎంత?

మా వంటింటి సింకు కుళాయి ఖరీదు 14,600 రూపాయలు. 2021 ఆగస్టులో కొన్నాం. ఒకే పిడితో చన్నీళ్లు, వేణ్నీళ్లు రెండూ వస్తాయి. మూతిని గొట్టంతో సహా బయటికి లాగి గిన్నెల మీదికి తిప్పుకోవచ్చు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ‘10 సంవత్సరాల వారంటీ’ అని ఉంది. మూడేళ్ల నాలుగు నెలలకు పిడి బిగుసుకుంది. మరో వారానికి, కట్టేసినా చుక్కలు పడడం మొదలైంది. కంపెనీకి ఫోన్ చేసిన రోజు నుంచి చుక్క ఆగిన రోజు దాకా 41 రోజులు పట్టింది. మధ్యలో కంపెనీ మనిషి ఒకసారి వచ్చి 413 రూపాయలు తీసుకున్నాడు: విజిట్ చార్జీ 350, దాని మీద 18 శాతం జీఎస్టీ. బాగుచేసింది మాత్రం ఏమీ లేదు.

సెకనుకో చుక్క అంటే చిన్న సంగతిలాగే ఉంటుంది. చుక్కకు పావు మిల్లీలీటరు వేసుకుంటే రోజుకు 21.6 లీటర్లు. 41 రోజులకు 885 లీటర్లు దాటింది; పదిహేను లీటర్ల బిందెలతో కొలిస్తే 59 బిందెలు. కింద గిన్నె పెట్టి ఆ నీళ్లు మొక్కలకు పోశాం కాబట్టి అంతా వృథా పోలేదు. రాత్రిళ్లు ఆ టపటప చప్పుడుకు మాత్రం లెక్క కట్టలేదు.

ఇంతకీ ఆ 10 ఏమైనట్టు? వారంటీ కార్డు వెనకవైపు చదివితే తెలిసింది. కొన్న రోజే చదవాల్సింది, ఒప్పుకుంటాను. పదేళ్లు ఉన్నది పోతపోసిన ఇత్తడి ఒంటికి. లోపలి కార్ట్రిడ్జ్‌కి 5 ఏళ్లు, పైమెరుగుకి 3, లాగే గొట్టానికీ మూతి దగ్గరి జాలీకీ ఒక్క ఏడాది. ఇత్తడి పాడవడం ఎవరింట్లోనైనా చూశామా? అమ్మమ్మ కాపురానికి తెచ్చుకున్న బిందె ఇప్పటికీ అటక మీద ఉంది. చెడని ముక్కకు పదేళ్లు రాసి, రోజూ అరిగే ముక్కలకు ఏడాది ఇచ్చి, డబ్బా మీద మాత్రం పెద్ద అంకె ఒక్కటే అచ్చువేస్తారు. ఈ ఏళ్లన్నీ బిల్లు తేదీ నుంచే లెక్క. ఇల్లు పూర్తికాకముందే సామాను కొనిపెట్టుకునేవాళ్లకు వారంటీలో కొంత గోడౌన్‌లోనే కరిగిపోతుంది.

నాకు చెడింది కార్ట్రిడ్జ్. అయిదేళ్లలోపే కదా, మార్చాలి కదా అన్నాను. వచ్చినతను మూతి చుట్టూ కట్టిన తెల్లటి పొర చూపించి, “నీళ్లు ఉప్పు మేడమ్, దీనికి వారంటీ రాదు” అని కాగితం మీద ‘హార్డ్ వాటర్’ అని రాసి సంతకం పెట్టించుకున్నాడు. కార్డు మళ్లీ తీశాను. నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే బాధ్యత లేదని ఒక వరుస నిజంగానే ఉంది.

మా అపార్టుమెంటులో మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకరు నీళ్లు అన్నీ ఒకే సంపులో పడతాయి. పరీక్ష చేయిస్తే కాఠిన్యం 480 వచ్చింది. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. అది 200 వరకు మంచిదని చెబుతూనే, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. అంటే మనుషులు తాగడానికి పనికొచ్చే నీళ్లు మా కుళాయి తాగడానికి పనికిరావన్నమాట!

కంపెనీ మాటలో నిజం లేకపోలేదు. కార్ట్రిడ్జ్‌లో రెండు పింగాణీ బిళ్లలు అద్దమంత నున్నగా ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి. వాటి మధ్య ఇసుక రేణువు చేరినా, ఉప్పు గట్టిపడినా గీతలు పడతాయి, పిడి మొరాయిస్తుంది. మా సింకులో రోజుకు 80 లీటర్లు వాడతామనుకుంటే, 480 చొప్పున రోజుకు 38 గ్రాములు, ఏడాదికి 14 కిలోల ఖనిజాలు ఆ కుళాయి గుండా పోతున్నాయి. దాదాపు అంతా నీళ్లతోపాటే సింకులోకి జారిపోతుంది. తడి ఆరే చోట మిగిలే పిసరే ఈ తంటా అంతా తెస్తుంది. ఆ పొర వదలాలంటే నిమ్మ ఉప్పో వెనిగరో, ఏదో ఒక పులుపు తగలాలి. పులుపు తగిలితే మెరుగు వారంటీ రద్దని అదే కార్డులో ఉంది. క్రోమియం పూత సాధారణంగా అర మైక్రాను కూడా ఉండదు కాబట్టి ఆ జాగ్రత్తకు కారణం ఉంది. మరి తెల్లపొరను దేనితో తుడవాలో మాత్రం ఎక్కడా రాయలేదు.

‘5 లక్షల సార్లు తిప్పి పరీక్షించాం’ అన్న కంపెనీ మాటను కూడా లెక్కవేసి చూశాను. అమెరికా ప్రమాణం ఇలాంటి ఒంటిపిడి కుళాయికి 5 లక్షల సార్లే అడుగుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 817 అడిగేది 70,000. మా ఇంట్లో పిడి రోజుకు అరవై సార్లు లేస్తుంది. 5 లక్షలంటే 22 ఏళ్లు దాటుతుంది. 70,000 అయితే మూడేళ్ల రెండు నెలలు. మా కుళాయి ఈ రెండో లెక్కకే దగ్గరగా నడిచింది. పరీక్ష గదిలో మా సంపు నీళ్లు పొయ్యరు కదా.

ఇంకో అంకె షాపులో ఎవరూ చెప్పరు: ఒత్తిడి. నీటిమట్టం పది మీటర్ల ఎత్తున ఉంటే సుమారు ఒక బార్. మాది పై అంతస్తు, ట్యాంకు మా సింకుకు నాలుగు మీటర్ల పైన ఉంటుంది, అంటే 0.4 బార్. కార్డు కనీసం 1 బార్ కావాలంటోంది. మాకంటే నాలుగు అంతస్తులు కింద ఉన్నవాళ్లకు ఇంకో పన్నెండు మీటర్లు కలిసి 1.6 వస్తుంది. అదే కుళాయి వాళ్లింట్లో జోరుగా పోస్తుంది, మా ఇంట్లో నీలుగుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇలాంటి గొడవను మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అంతకుముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడవచ్చు. సరుకును పరీక్షకు పంపనక్కరలేని కేసు మూడు నెలల్లో, పంపాల్సినదైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం ఆశిస్తుంది. తప్పు నీళ్లదా, కుళాయిదా అని తేలాలంటే ప్రయోగశాలకు పంపాల్సి రావచ్చు, ఆ రుసుము ముందుగా ఫిర్యాదీ చేతే కట్టించవచ్చు. అందుకే ‘హార్డ్ వాటర్’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టేముందు ‘ఒప్పుకోవడం లేదు’ అని ఒక ముక్క రాసి ఉండాల్సింది. నేను రాయలేదు.

నలభై ఒకటో రోజున మా వీధి ప్లంబరు వచ్చి కార్ట్రిడ్జ్ ఊడదీశాడు. “ముప్పై అయిదు సైజు అక్కా, ఏ షాపులనైనా దొరుకుతది” అన్నాడు. కార్ట్రిడ్జ్‌కి 380, అతని కూలి 300. యాంగిల్ కాక్ దగ్గర చిన్న జాలీ ఒకటి పెట్టి, మూడు నెలలకోసారి కడగమన్నాడు. ఆ జాలీ వెల 60 రూపాయలు. అరగంటలో చుక్క ఆగింది.

ఇత్తడి ఒళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. దానికి 2031 ఆగస్టు దాకా వారంటీ ఉంది.