నిర్మాణ పనిలో అలవాటైన తెగింపు

ప్రమాదమని తెలిసి కూడా నిర్మాణ కార్మికులు రక్షణ పద్ధతులను పక్కనపెట్టి పనిచేయడం, కొంతకాలానికి అదే మామూలు పద్ధతిగా స్థిరపడటాన్ని అలవాటైన తెగింపు అనవచ్చు. సేఫ్టీ బెల్టు లేకుండా పరంజా ఎక్కడం, స్లాబు అంచున నిలబడి సెంట్రింగు విప్పడం, పక్కలకు ఆధారం లేని లోతైన కందకంలోకి దిగడం ఇందుకు ఉదాహరణలు. చేయి తిరిగిన మేస్త్రీలలోనూ ఇది కనిపిస్తుంది కనుక దీనిని కేవలం తెలియనితనంగా భావించరాదు.

కారణాలు

బెల్టు లేకుండా వందసార్లు ఎక్కి క్షేమంగా దిగిన మనిషికి, అది అనవసరమని ఆ వంద అనుభవాలూ చెబుతాయి. ప్రమాదం ఎప్పుడో గాని జరగదు. బెల్టు వలన కలిగే ఇబ్బంది మాత్రం రోజూ ఉంటుంది. 1986 నాటి ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంపై అమెరికా సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లో వెలువరించిన గ్రంథంలో, నియమోల్లంఘన మెల్లగా సాధారణమైపోయే తీరును వివరించింది. ఆమె రాసినది ఇంజనీర్ల గురించే అయినా పరంజా మీది పనికీ అది చక్కగా వర్తిస్తుంది.

కూలి చెల్లించే పద్ధతి మరొక కారణం. చదరపు అడుగుల లెక్కన గుత్తకు పనిచేసేవారికి బెల్టు తగిలించి విప్పే సమయం కూడా ఆదాయ నష్టమే. పాలమూరు లేబరుగా పేరుపొందిన మహబూబ్‌నగర్ ప్రాంతపు వలస కూలీలు గుంపు మేస్త్రీ వద్ద ముందుగా అడ్వాన్సు తీసుకుని దూరప్రాంతాల ఆనకట్టల, కాలువల పనులకు వెళ్ళేవారు. అప్పులో ఉన్న మనిషి పరంజా బాగాలేదని, ఎక్కనని చెప్పడం సులభం కాదు. ప్రమాదాలలో 88 శాతం కార్మికుల తప్పిదాల వల్లనే జరుగుతాయని అమెరికాకు చెందిన హైన్రిక్ 1931లో వేసిన అంచనా చాలాకాలం చలామణీ అయింది. ఇటువంటి ఒత్తిడులను ఆ అంచనా లెక్కలోకి తీసుకోలేదని తరువాతివారు విమర్శించారు.

గోల్డెన్ గేట్ వంతెన

శాన్ ఫ్రాన్సిస్కోలో 1933-37 మధ్య ఈ వంతెన నిర్మించినపుడు ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ గట్టి టోపీలను తప్పనిసరి చేశాడు. ఎత్తున విన్యాసాలు చేసేవారిని పనినుండి తొలగించాడు. అంతటితో ఆగక వంతెన కింద వల కట్టించాడు. ఆ వలలో పడి 19 మంది బతికారు. అయితే 1937 ఫిబ్రవరి 17న ఒక పరంజా విరిగి వలను చించుకుని పడటంతో 10 మంది మరణించారు. నిర్మాణకాలంలో మొత్తం మృతులు 11 మంది.

సరిదిద్దే పద్ధతులు

ఎత్తున చేయవలసిన పనిని వీలైనంత వరకు నేలమీదనే పూర్తిచేయడం అన్నిటికంటే మేలు. అది కుదరనపుడు అంచులకు కంచె, కింద వల ఏర్పరుస్తారు. బెల్టు చివరి రక్షణ మాత్రమే. కొక్కెం తగిలించడానికి గట్టి ఆధారం చూపకుండా బెల్టు ఇస్తే అది అలంకారమే. త్రుటిలో తప్పిన ప్రమాదాలను చెప్పినవారికి కూలి కోస్తే, తరువాత ఎవరూ నోరు విప్పరు. మేస్త్రీ స్వయంగా బెల్టు లేకుండా ఎక్కే చోట ఎన్ని బోర్డులు పెట్టినా ఫలితం ఉండదు.

భారతదేశంలో చట్టం

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం (1996) ప్రకారం 500 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట, కార్మికుల ప్రతినిధులు కూడా ఉండే భద్రతా కమిటీ అవసరమయ్యేది. దీని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి (2020) ఈ హద్దును 250కి తగ్గించింది. ఇద్దరు ముగ్గురు అడ్డా కూలీలతో సాగే చిన్న ఇంటి పనిలో ఇటువంటి కమిటీ ఉండదు. అక్కడ పరంజా ఎక్కవచ్చునా లేదా అని నిర్ణయించేది మేస్త్రీ ఒక్కడే.