పెరటి ఓషధులు



మా యింటి వెనుక నైదు సెంట్ల దొడ్డి కలదు. మా అత్తగారును, నేనును, బడికి సెలవైన దినములలో మావారును, పిల్లలును అందులో మందుమొక్కలను పెంచుచున్నాము. ఇంటి యక్కఱకు మిగిలిన యాకును కట్టలుగట్టి ఊరివారికి స్వల్పమైన వెలకిచ్చుచుందుము. ఈ పనిలో నేను నేర్చిన నాలుగు మాటలను, చేసిన యొక తప్పును మీకు విన్నవించుచున్నాను.

తులసివిత్తులు మిక్కిలి సన్ననివి. వానిని పొడియిసుకతో కలిపి చల్లి, పైని పలుచగా మన్ను కప్పి, నీరు చిలుకరింపవలెను. ఇంచుమించు పది దినములకు మొలకలు కనబడును. మొక్కలు కొంత యెదిగిన పిమ్మట మూరెడెడముగా నాటవలెను. వెన్నులు తొడిగినప్పుడెల్ల త్రుంచుచుండినచో మొక్క గుబురై ఆకు విస్తారముగ నిచ్చును. వామాకునకు విత్తుతో పనిలేదు. జానెడు కొమ్మను గ్రుచ్చిన చాలును. కాని మొదట నీరు నిలిచిన కుళ్లిపోవును. అడ్డసరమును మూడు నాలుగు కణుపులుగల కొమ్మలతో వానకాలమున నాటుదుము. దానిని మేకలు ముట్టవు గావున కంచెగా గూడ నుపకరించును.

ఆకును మంచు ఆరిన పిమ్మట కోసి, గాలి తగులు నీడలో పలుచగా పఱచి యారబెట్టవలెను. ఎండలో పెట్టిన తులసికి పరిమళము తఱుగును. నలిపినంతనే పొడియగునప్పుడు సీసాలో పోసి, పేరును తేదిని వ్రాసి యంటింపవలెను. ఎండిన పిదప ఆకులన్నియు నొక్కతీరుననే యుండును గదా! వామాకు మాత్రము పచ్చిదే మేలు. శనగపిండిలో ముంచి బజ్జీలు వేసినచో పిల్లలు మక్కువతో తిందురు.

అడ్డసరమునకు సంస్కృతమున వాస యని పేరు. ఆయుర్వేదము దీనిని దగ్గునకు శ్రేష్ఠమని కొనియాడినది. నేటి వైద్యులు కఫమునకిచ్చు బ్రోమ్‌హెక్సిన్ అను మందు సయితము దీని యాకులోని వాసిసిన్ అను పదార్థము నాధారముగ గొని పుట్టినదే. ఈ సంగతి తెలిసి నేను మిగుల గర్వించితిని. నా తప్పున కదియే మూలము.

కొంతకాలము క్రిందట పొరుగింటి ఇల్లాలొకతె దగ్గునకని వారమువారము కట్టను గొనిపోవుచుండెను. “వదినా, ఇది త్రాగిన పూట కొంత నెమ్మదిగా నున్నది” అని ఆమె యనగా నేను సంతసించితినేగాని, ఎన్నినాళ్లనుండి దగ్గుచున్నావని యడుగనైతిని. రెండు మాసములు గడచినవి. ఆమె చిక్కిపోవుట చూచి మా అత్తగారు, “కట్టల మాట తరువాత, ముందు పిల్లను ఆసుపత్రికి తోడ్కొనిపొమ్ము” అని నన్ను మందలించిరి. కళ్లె పరీక్షించగా క్షయ యని తేలినది. ఆఱు మాసములు మందులు మ్రింగి ఆమె స్వస్థురాలైనది. ఆమె బిడ్డను గూడ పరీక్షించి దోషము లేదనిరి. ఐనను, ఆ రెండు మాసములు తల్లిప్రక్కను పండుకొన్న ఆ పసివానిని తలచినప్పుడెల్ల నా గుండె నేటికిని ఝల్లుమనును.

ఇప్పుడు కట్ట నిచ్చుటకు ముందు రెండు ప్రశ్నల నడుగుదుము. దగ్గు రెండు వారములు దాటినదా? దాటినచో ముందు కళ్లె పరీక్ష. ప్రభుత్వపు ఆసుపత్రులలో క్షయకు పరీక్షయు మందులును ఉచితము. గర్భవతివా? ఐనచో అడ్డసరము కూడదు. అది గర్భాశయమును సంకోచింపజేయగలదు. ఆకే గదా, హాని యేమని యెంచరాదు. తిప్పతీగెను వాడిన కొందఱికి కాలేయము చెడినట్లు 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి.

పెరటిచెట్టు మందునకు రాదని సామెత. వచ్చును, సోదరీమణులారా, కాని యెంతవఱకు వచ్చునో మనము తెలిసికొని వాడవలెను.