ట్రాక్టరు, ట్రాలీ: బయలుదేరుటకు ముందు పది నిమిషముల పరీక్ష

పూర్వము బండి కట్టు రైతు ఇరుసునకు కందెన వేయక, సీల సరిచూడక, ఎద్దుల గిట్టలు తడవి చూడక బండిని బాటకు తోలెడివాడు కాడు. నేడు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములలో దుక్కి, దమ్ము, నూర్పిడి, ధాన్యపు రవాణా మొదలగు పనులు చాలవరకు ట్రాక్టరు మీదనే సాగుచున్నవి. బండికంటె ఎన్నో రెట్లు వెలగల ఈ యంత్రమునకు ఆపాటి పరీక్షయైనను పెక్కు ఇండ్లలో జరుగుట లేదు. తాళపుచెవి త్రిప్పుట, పోవుట, అంతే. కావున సంఘ సభ్యుల ఉపయోగార్థమై ట్రాక్టరు యజమాని ప్రతిదినము తానే చేసికొనదగిన పరీక్షలను ఇందు వివరించుచున్నాము. వీనికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. పది నిమిషముల కాలము, కొంచెము శ్రద్ధ చాలును.

ఇది ధనమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2018 జూన్ 24వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లాలోని వేములకొండ కడ, కూలిపనికి పోవుచున్న స్త్రీలతో నిండిన ట్రాక్టరు మూసీ కాలువలో పడగా పదునైదుగురు అసువులు బాసిరి. మన జిల్లాలోనే 2022 మే 8వ తేదీన నిజాంసాగరు మండలము హసన్‌పల్లి గేటు వద్ద, ఎల్లారెడ్డి నుండి జనులను తీసికొని మరలి వచ్చుచున్న సరకుల వాహనము లారీని ఢీకొనగా తొమ్మండుగురు మరణించిరి. ఈ రెండింటికిని ఒక పోలిక కలదు. సరకు మోయవలసిన వాహనములో మనుష్యులు కూర్చుండియుండిరి. కావున యంత్రమును గూర్చి చెప్పుచు, దానిపై నెక్కు మనుష్యులను గూర్చియు చెప్పక తప్పదు.

ఇంజను

ట్రాక్టరును సమతలమున నిలిపి, ఇంజను నడపకముందే కొలపుల్లను తీసి తుడిచి, మరల ముంచి చూడవలెను. నూనె రెండు గీతల నడుమ నుండవలెను. క్రింది గీతకు తక్కువైన లోపలి భాగములు ఒరసికొని అరిగిపోవును. పై గీతను మించుటయు మంచిది కాదు.

రేడియేటరు మూతను ఇంజను చల్లగా నున్నప్పుడే తీయవలెను. వేడిమీద తీసిన మరుగునీరు ఎగజిమ్మి ముఖము కాలును. రేడియేటరు జాలిలో పొట్టు, దుమ్ము చేరిన గాలి ఆడదు, ఇంజను వేడెక్కును. ఫాను బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కిన సుమారు అర అంగుళము లోనికి పోవలెను. అంతకంటె వదులైన నీరు చల్లబడదు, బ్యాటరీయు నిండదు.

మొక్కజొన్న, సోయా నూర్పిళ్ల దినములలో గాలివడపోతను తప్పక చూడవలెను. ఇంజను ఆహారము డీజిలు ఒక్కటే అనుకొనరాదు. అది గాలిని కూడ విస్తారముగా పీల్చును. ఆ గాలితోపాటు లోనికి పోవు సన్నని దుమ్ము ఆకురాయివలె పనిచేసి, సిలిండరును, పిస్టను రింగులను అరగదీయును. నూనె గిన్నెగల వడపోతయైన ఆ నూనె బురదగా మారకముందే మార్చవలెను. పొగ నల్లబడుట, బలము తగ్గుట దీని తొలి గుర్తులు.

బ్యాటరీలో శుద్ధజలమునే పోయవలెను. బోరునీటిలోని లవణములు పలకలను చెరచును. బ్యాటరీ నుండి మండెడి వాయువు వెలువడును గనుక దాని చెంత బీడీ కాల్చరాదు. మూసిన కొట్టములో ఇంజను నడపరాదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కూడ కలదు.

చక్రములు, బ్రేకులు

టైర్లలో గాలి ఎంత ఉండవలెనో యంత్రముతో ఇచ్చిన పుస్తకమున వ్రాయబడియుండును. దానిని గేజీతో కొలువవలెనే కాని కాలితో తన్ని నిర్ణయింపరాదు. పొలమున తక్కువ గాలియు, రోడ్డుమీద బరువు లాగునప్పుడు ఎక్కువ గాలియు కావలెను. చక్రపు నట్లను ప్రతిదినము తడవి చూడవలెను. స్టీరింగు చక్రము చాలదూరము తిరిగినను ముందు చక్రములు కదలకున్నచో మరమ్మతు కావలెనని గ్రహింపవలెను.

ట్రాక్టరు బ్రేకులు రెండు వేరువేరు మెట్లుగా నుండుటకు కారణము కలదు. మడిచివర మలుపు తిరుగునప్పుడు ఒక ప్రక్క చక్రమును మాత్రము ఆపుటకై అట్లు చేసిరి. రోడ్డు ఎక్కునప్పుడు ఆ రెండు మెట్లను గొళ్లెముతో కలిపి బిగింపవలెను. మరచినచో, వేగముగా పోవునప్పుడు ఒక మెట్టు మీదనే కాలు పడి, ఒక చక్రము నిలిచి, ట్రాక్టరు గిరుక్కున తిరిగి బోల్తాపడును. ఒక్క గొళ్లెము వేయుటకు ఒక్క క్షణము చాలును.

పల్లము దిగునప్పుడు డీజిలు మిగులునని గేరు తీసి న్యూట్రలున వదలుట మిక్కిలి ప్రమాదకరము. గేరులో నున్న ఇంజనే బరువును పట్టియుంచును. పెక్కు ట్రాలీలకు బ్రేకులు లేవు. వెనుక బరువునంతయు ట్రాక్టరు బ్రేకులే ఆపవలెను. వేగము రెండింతలైన ఆపుటకు కావలసిన బలము నాలుగింతలగునని జ్ఞాపకముంచుకొనవలెను.

బురదలో దిగబడినప్పుడు వెనుక చక్రములకు దుంగలు కట్టి లాగించుట కొందరికి వాడుక. చక్రము తిరుగలేకున్నచో ట్రాక్టరు మొగమే పైకి లేచి, నడపువానిమీద వెనుకకు పడును. అట్టిచోట వేరొక ట్రాక్టరుతో లాగించుటయే క్షేమము. గొలుసును ఎల్లప్పుడు క్రింది కొక్కెమునకే తగిలింపవలెను. ఇరుసుకంటె ఎత్తున తగిలింపరాదు.

ట్రాలీ

కొక్కెపు పిన్ను అరిగినదా, దాని చివర క్లిప్పు ఉన్నదా అని చూడవలెను. దానితోపాటు ఒక గొలుసును కూడ తగిలించినచో, పిన్ను ఊడినను ట్రాలీ విడిపోదు. కొంతదూరము పోయినపిమ్మట ఆపి, చక్రపు బొడ్డును చేతితో తాకిచూచిన, మిక్కిలి వేడిగానున్నచో బేరింగులకు గ్రీజు చాలలేదని తెలియును. బస్తాలను మితిమీరి నింపినచో ముందు చక్రములు తేలిపోయి స్టీరింగు వశము తప్పును.

ట్రాలీ వెనుక ఎర్రని మెరుపు పట్టీలు అంటించుటకు అయ్యెడి వ్యయము స్వల్పము. దీపము లేని ట్రాలీని రాత్రివేళ రోడ్డుప్రక్క నిలుపుట, ఆరబోసిన వడ్లచుట్టు రాళ్లు పేర్చి చీకటిలో వదలుట పరుల ప్రాణములకు ముప్పు. 44వ జాతీయ రహదారిపై మలుపు దూరమని ఎదురుబాటన తోలుట అంతకంటెను ఘోరము.

తిరుగు షాఫ్టు

రోటవేటరును, నూర్పిడి యంత్రమును త్రిప్పెడి వెనుక షాఫ్టు సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా క్షణమునకు తొమ్మిది చుట్లు తిరుగును. పంచె అంచు గాని, చీర కొంగు గాని, భుజముమీది తువాలు గాని చిక్కినచో చేయి వెనుకకు తీసికొనుటకు వ్యవధి లేదు. షాఫ్టుపై మూతను తీసివేయరాదు. చిక్కిన గడ్డిని తీయవలెనన్న ముందు ఇంజను ఆపవలెను.

మనుష్యులు, పత్రములు

నాట్ల దినములలో కూలీలను ట్రాలీలో నింపి తీసికొనిపోవుట తప్పనిసరియని పలువురు వాదింతురు. ఆటోకు ఇచ్చెడి కిరాయి మిగులునన్నది నిజమే. కాని ట్రాలీ బోల్తాపడినచో పట్టుకొనుటకు ఆధారము లేదు. పైగా సరకుల ట్రాలీలో నెక్కినవారికి బీమా పరిహారము చిక్కులపాలగును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ననుసరించి పరుల నష్టమునకు బీమా తప్పనిసరి. బీమా గడువు, నడపువాని లైసెన్సు ఏ తేదీవరకు ఉన్నవో ఇంటి గోడమీది పంచాంగమున గుర్తు వ్రాసికొనవలెను. మడ్‌గార్డుమీద పిల్లలను కూర్చుండబెట్టరాదు. ప్రమాదము జరిగినచో 108కి ఫోను చేయవలెను.

సంఘము చేయదగినది

ఒక గాలి గేజీ, ఒక గ్రీజు గన్ను, ఒక చుట్ట మెరుపు పట్టీ సంఘ కార్యాలయమున నుంచినచో సభ్యులందరును వంతులవారీగా వాడుకొనవచ్చును. వానకాలపు దమ్ములకు ముందొకసారి, యాసంగి కోతలకు ముందొకసారి గ్రామములోని ట్రాక్టర్లన్నిటిని ఒకచోట నిలిపి పరీక్షించుట మంచిది. ట్రాక్టరు అప్పు తీరుటకు ఏండ్లు పట్టును. ఆ ఏండ్లన్నియు యంత్రము నడువవలెను, నడపువాడు ప్రతిదినము సాయంకాలము ఇల్లు చేరవలెను. రాబోవు సభలో ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.